ఆర్‌ఎన్‌ఏ నిర్మాణ అధ్యయనంలో పరారుణ వర్ణపటశాస్త్రం

ఆర్‌ఎన్‌ఏ అణువు ఏ ఆకారంలో ముడుచుకుని ఉంది, దానిలోని ఏ క్షారం ఏ క్షారంతో జతకట్టింది, వేడి చేసినా లవణం కలిపినా ప్రొటీన్ వచ్చి అతుక్కున్నా ఆ జతలు ఏమవుతాయి అన్న ప్రశ్నలకు పరారుణ కాంతితో జవాబు వెతికే పద్ధతి ఇది. నమూనా గుండా పరారుణ కాంతిని పంపి, ఏ తరంగం దగ్గర ఎంత కాంతి తగ్గిందో కొలుస్తారు. అలా వచ్చిన ఎగుడుదిగుడు గీతే వర్ణపటం. దీంతో అణువు బొమ్మ రాదు. అణువులో ఎవరు చేతులు కలిపి ఉన్నారో, ఎవరు విడిపోయారో తెలుస్తుంది.

ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా కర్నూలు జిల్లా పడమటి వైపు నుంచి తీసుకున్నవి. అందుకు కారణం ఉంది. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి, వేరుశనగ తోలుకొచ్చే ఊళ్ళ పొలాల్లో రైతును దెబ్బతీసే వైరస్‌లలో ముఖ్యమైనవి కొన్ని ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లే. అణువు మడత అన్నది ప్రయోగశాల ముచ్చటగా కనిపించవచ్చు గానీ, ఆ మడత తేడా వస్తే వైరస్ బతకదు.

పోగు, మెలి, మడత

ఆర్‌ఎన్‌ఏ ఒంటి పోగు. రైబోజ్ అనే చక్కెర, ఫాస్ఫేట్ ఒకదాని వెంట ఒకటి గుచ్చుకుంటూ పోగుకు వెన్నుగా ఉంటాయి. ఆ వెన్ను నుంచి అడెనిన్, గ్వానిన్, సైటోసిన్, యురాసిల్ అనే నాలుగు క్షారాలు పక్కకు చాచుకుని ఉంటాయి. కణం ఈ పోగును అల్లడానికి వాడే నాలుగు ముడిసరుకుల్లో ఏటీపీ ఒకటి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, తోటి శాస్త్రజ్ఞుడు ఫిస్క్‌తో కలిసి 1929లో కండరంలో గుర్తించిన పదార్థం అదే. శక్తి నాణెంగా అందరికీ తెలిసిన ఆ అణువు ఆర్‌ఎన్‌ఏ పోగులో ఒక గింజ కూడా అన్న సంగతి పాఠాల్లో తక్కువగా చెబుతారు.

ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర పురి ఎక్కువైన నూలును బిగువు వదిలి చూస్తే అది తన మీద తానే మెలిపడి ఉచ్చులా నిలుస్తుంది. ఆర్‌ఎన్‌ఏ కూడా తన మీద తానే మడతపడుతుంది. పోలిక అంతవరకే. నూలును మెలిపెట్టేది పురి, ఆర్‌ఎన్‌ఏను మడిచేది క్షారాల జత. అడెనిన్, యురాసిల్ మధ్య రెండు హైడ్రోజన్ బంధాలు, గ్వానిన్, సైటోసిన్ మధ్య మూడు. గ్వానిన్, యురాసిల్ కూడా కాస్త వంకరగా జతపడతాయి. ఇలా పోగులో ఒక ముక్క మరో ముక్కతో జతకడితే మధ్యలో మిగిలినది ఉచ్చుగా ఉండిపోతుంది. చూడ్డానికి జడపిన్నులా ఉంటుంది కనుక శాస్త్రజ్ఞులు కూడా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. జతకట్టిన భాగం కాడ, కట్టనిది ఉచ్చు.

డీఎన్‌ఏకు లేనిది, ఆర్‌ఎన్‌ఏకు ఉన్నది ఒకటుంది: రైబోజ్ రెండో కర్బనం మీద ఒక హైడ్రాక్సిల్. ఈ చిన్న కొమ్మ వల్ల ఆర్‌ఎన్‌ఏ కాడ దాదాపు ఎప్పుడూ 'ఎ' రూపం అనే పొట్టి, లావు మెట్ల చుట్టులోనే ఉంటుంది. డీఎన్‌ఏ పొరను తేమలో ఉంచితే 'ఎ' నుంచి 'బి' రూపానికి మారుతుంది, ఆర్‌ఎన్‌ఏ మారదు. అదే కొమ్మ దాని ప్రాణానికి ముప్పు కూడా. ఆల్కలీ ద్రావణంలో ఆ హైడ్రాక్సిల్ పక్కనున్న ఫాస్ఫేట్ మీద దాడి చేసి పోగును తెంచుతుంది.

కాంతి తాకితే

రెండు పరమాణువుల మధ్య బంధం స్ప్రింగు లాంటిది. అది సాగుతుంది, కుంచించుకుంటుంది, వంగుతుంది. ప్రతి కదలికకూ దానిదైన వేగం ఉంటుంది. ఆ వేగానికి సరిపోయే పరారుణ తరంగం వస్తే బంధం దాన్ని మింగుతుంది. ఐతే ఒక షరతు: కదలిక వల్ల అణువులో విద్యుదావేశాల అమరిక మారాలి. మారకపోతే పరారుణానికి ఆ కదలిక కనిపించదు. అలాంటివి చాలావరకు రామన్ వర్ణపటంలో దొరుకుతాయి. ఏ కదలిక ఎందులో కనిపిస్తుందో ముందే లెక్కగట్టడానికి సమూహ సిద్ధాంతం అనే గణితం వాడతారు. ఆ గణితాన్ని భౌతికశాస్త్ర విద్యార్థులకు అందించిన తొలి పుస్తకాల్లో ఒకటి వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి రాసిన ఆ పుస్తకం 1948లో అచ్చయింది.

పరారుణాన్ని కొలిచేది తరంగ సంఖ్యల్లో, అంటే ఒక సెంటీమీటరులో ఎన్ని తరంగాలు పడతాయన్న లెక్కలో. క్షారాల్లోని కర్బన–ఆక్సిజన్ జంట బంధాలు 1650 పరిసరాల్లో మింగుతాయి. 1650 అంటే ఆరు మైక్రాన్ల తరంగం. సెకనుకు దాదాపు 50 లక్షల కోట్ల ఊగిసలాటలు. ఇంత వేగంగా ఊగే బంధానికి పక్కన ఎవరున్నారో వెంటనే తెలుస్తుంది. ఈ పద్ధతి బలమంతా అందులోనే ఉంది.

ఏ గుర్తు ఎక్కడ

వర్ణపటాన్ని చదివేవారు దాన్ని నాలుగు పట్టీలుగా చూస్తారు. అన్నిటికన్నా విలువైనది 1800 నుంచి 1500 వరకు ఉన్నది. క్షారాల జంట బంధాలన్నీ ఇక్కడే పలుకుతాయి. తర్వాత 1500–1250 పట్టీలో క్షారం, చక్కెర కలిసే చోటు కనిపిస్తుంది. 1250–1000 మధ్య ఫాస్ఫేట్, చక్కెర బంధాలు. వెయ్యి కింద చక్కెర ఉంగరం ఎటు వంగి ఉందో తెలిపే గుర్తులు.

ఫాస్ఫేట్‌లోని రెండు ఆక్సిజన్లు ఎదురెదురుగా ఊగే కదలిక 'బి' రూపం డీఎన్‌ఏలో 1225 దగ్గర, 'ఎ' రూపంలో 1240 దగ్గర వస్తుంది. ఆర్‌ఎన్‌ఏ కాడ 1240 వైపే ఉంటుంది. 1120 దగ్గర రైబోజ్ హైడ్రాక్సిల్‌తో ముడిపడిన గుర్తు ఉంటుంది. డీఎన్‌ఏలో అది ఉండదు కనుక నమూనాలో ఉన్నది ఏదో తేల్చుకోవడానికి పనికొస్తుంది. 860 పరిసరాల్లో వచ్చే చిన్న శిఖరం చక్కెర ఉంగరంలో మూడో కర్బనం పైకి లేచి ఉందని చెబుతుంది. 'ఎ' రూపానికి అది ఆనవాలు.

అసలు కథ మొదటి పట్టీలో ఉంది. భారజలంలో ఒంటరి యురాసిల్ 1692 దగ్గర ఒకటి, 1657 దగ్గర ఒకటి శిఖరాలు చూపుతుంది. అడెనిన్‌ది 1626 దగ్గర, గ్వానిన్‌ది 1665 దగ్గర, సైటోసిన్‌ది 1650 చుట్టుపక్కల. ఇప్పుడు అడెనిన్ మాత్రమే ఉన్న పోగునూ యురాసిల్ మాత్రమే ఉన్న పోగునూ కలిపితే అవి జంట పోగుగా చుట్టుకుంటాయి. 1657 శిఖరం కనుమరుగై 1672 దగ్గర కొత్తది లేస్తుంది. అడెనిన్ శిఖరం ఎత్తు తగ్గుతుంది. గ్వానిన్–సైటోసిన్ జతలో కూడా గ్వానిన్ శిఖరం 1665 నుంచి 1690 వైపు జరుగుతుంది.

ఇక్కడ డిగ్రీ చదివిన విద్యార్థికి అనుమానం రావాలి. హైడ్రోజన్ బంధం ఏర్పడితే కర్బన–ఆక్సిజన్ బంధం కాస్త సడలి శిఖరం కిందికి దిగాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఇక్కడేమో పైకి పోతోంది! సంగతేమిటంటే, ఒంటరి యురాసిల్ నిజానికి ఒంటరి కాదు. దాని ఆక్సిజన్ అప్పటికే నీటి అణువులతో హైడ్రోజన్ బంధంలో ఉంది. జతకట్టినప్పుడు నీటిని వదిలి అడెనిన్‌ను పట్టుకుంటుంది. దానికి తోడు మెట్లలా పేర్చుకున్న క్షారాల బంధాలు ఒకదాని ఊపును ఒకటి అందుకుని కలిసి ఊగుతాయి. కాబట్టి శిఖరం స్థానాన్ని ఒక్క బంధానికి అంటగట్టి చదివితే పొరపాటు పడతాం. ఈ రంగంలో కొత్తవాళ్ళు తరచుగా జారే చోటు ఇదే.

ఒక చుక్కతో

ప్రయోగం చేసేవాళ్ళకు మొదటి శత్రువు నీరు. మామూలు నీటి అణువు వంగే కదలిక సరిగ్గా 1645 దగ్గర వస్తుంది. క్షారాల శిఖరాలన్నీ దాని కింద పూడిపోతాయి. మామూలు నీటిలోనే చూడాలంటే పొరను పది మైక్రాన్ల కన్నా పల్చగా పెట్టాలి. తల వెంట్రుకలో అది ఏడో వంతో ఎనిమిదో వంతో ఉంటుంది. అందుకే ఎక్కువమంది భారజలం వాడతారు. హైడ్రోజన్ బదులు దాని బరువైన సోదరుడు డ్యూటీరియం ఉన్న ఆ నీటి కదలిక 1210కి దిగిపోయి మొదటి పట్టీని ఖాళీ చేస్తుంది. పొరను 50 మైక్రాన్ల దాకా మందంగా పెట్టుకోవచ్చు. ఐతే 1210 దగ్గర చేరిన భారజలం ఇప్పుడు ఫాస్ఫేట్ గుర్తును కప్పేస్తుంది. దాన్ని చూడాలంటే మళ్ళీ మామూలు నీరో, ఎండబెట్టిన పొరో కావాలి. ఈ భారజలం తెలుగు నేల మీదే తయారవుతుంది. గోదావరి ఒడ్డున మణుగూరు కర్మాగారంలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకూ నీటికీ మధ్య డ్యూటీరియం మార్పిడి చేసి దాన్ని వేరుచేస్తారు.

ఆర్‌ఎన్‌ఏను భారజలంలో కరిగించి, గడ్డకట్టించి ఆరబెట్టి, మళ్ళీ కరిగిస్తారు. రెండు మూడుసార్లు ఇలా చేస్తే క్షారాల మీద సులువుగా ఊడే హైడ్రోజన్లు కూడా డ్యూటీరియంగా మారిపోతాయి. చేతులకు తొడుగులు తప్పనిసరి. మన చర్మం మీదే ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైములుంటాయి. వేలిముద్ర పడితే వారం పని పోయినట్టే. చివరికి కొన్ని మైక్రోలీటర్ల ద్రావణం మిగులుతుంది. దాన్ని రెండు కాల్షియం ఫ్లోరైడ్ బిళ్ళల మధ్య, టెఫ్లాన్ పల్చటి రింగు వేసి బిగిస్తారు. గాజు పనికిరాదు, ఈ కాంతిని అదే మింగేస్తుంది. ఉప్పు బిళ్ళలు నీటికి కరిగిపోతాయి.

యంత్రం లోపల పొడి గాలి తిరుగుతూ ఉండాలి. గదిలోని ఆవిరి ముళ్ళకంపలా సన్నని గీతలతో 1500–1800 పట్టీనంతా గీకుతుంది. మూత తీసి మూసినప్పుడల్లా ఓపిగ్గా ఆగాలి. ముందు ఉత్త భారజలంతో ఒకసారి, తర్వాత ఆర్‌ఎన్‌ఏతో ఒకసారి వందకు పైగా స్కాన్లు తీసి ఒకదాంట్లోంచి మరొకటి తీసేస్తారు. తర్వాత బిళ్ళలను 20 డిగ్రీల నుంచి 90 డిగ్రీల దాకా నెమ్మదిగా వేడి చేస్తూ ప్రతి మెట్టులో వర్ణపటం తీస్తారు. ఒకచోట జతల శిఖరం దిగడం మొదలవుతుంది, ఒంటరి క్షారాల శిఖరం లేస్తుంది. సగం దిగిన ఉష్ణోగ్రతే ఆ జడపిన్ను కరుగు స్థానం. అతినీలలోహిత కాంతితో కూడా కరుగు స్థానం తెలుస్తుంది. కానీ అక్కడ అన్ని క్షారాలూ కలిసి ఒకే గొంతుతో చెబుతాయి. అడెనిన్–యురాసిల్ కాడ ముందు ఊడిందా, గ్వానిన్–సైటోసిన్ కాడ ముందు ఊడిందా అన్నది ఇక్కడ విడివిడిగా వినిపిస్తుంది. లేజరుతో నమూనాను రెప్పపాటు కన్నా ఎన్నో రెట్లు తక్కువ సమయంలో వేడెక్కించి, జడపిన్ను విప్పుకునే క్రమాన్ని సెకనులో కోట్ల వంతుల్లో చూసే పద్ధతులూ ఉన్నాయి.

నడిచిన దారి

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు అవతల కంటికేమీ కనిపించని చోట థర్మామీటరు పెడితే పాదరసం పైకి లేచింది. పరారుణం కథ అక్కడ మొదలైంది. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏల పరారుణ వర్ణపటాలు 1940ల చివర్లో రావడం మొదలైంది. 1950ల చివర్లో, 60ల మొదట్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో హెచ్. టాడ్ మైల్స్ భారజలంలో క్షారాలను పరిశీలించి, అవి నీటిలో కీటో రూపంలోనే, అంటే కర్బన–ఆక్సిజన్ జంట బంధంతోనే, ఉంటాయని నిలబెట్టాడు. జంట పోగు నమూనా మొత్తం ఆ రూపం మీదే ఆధారపడింది కనుక చిన్న విషయం కాదు. 1962–63లో ఫాక్, హార్ట్‌మన్, లార్డ్ డీఎన్‌ఏ పొరలకు తేమ తగిలిస్తూ నీరు ఎక్కడెక్కడ అతుక్కుంటుందో వరసగా చూపించారు. 1969లో జి. జె. థామస్ ఒక ఆర్‌ఎన్‌ఏలో ఎంత శాతం క్షారాలు జతకట్టి ఉన్నాయో పరారుణ వర్ణపటం నుంచి లెక్కగట్టే విధానం చెప్పాడు. ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ స్ఫటిక నిర్మాణం బయటపడింది 1974లో. అప్పటిదాకా మడతల గురించి మాట్లాడడానికి ఇలాంటి సాక్ష్యాలే దిక్కు.

మైకెల్సన్ తెచ్చిన రెండు అద్దాల ఏర్పాటు, దాంట్లోంచి వచ్చే అల్లిబిల్లి సంకేతాన్ని వర్ణపటంగా మార్చే ఫోరియర్ గణితం, 1965లో కూలీ–టకీ ఇచ్చిన వేగవంతమైన లెక్క, చవకబడిన కంప్యూటర్లు, ఇవన్నీ కలిసి రోజంతా పట్టే పనిని నిమిషాల్లోకి తెచ్చాయి.

కొలత కచ్చితంగా ఉండాలంటే కొలబద్ద సరిగా ఉండాలి. కొవ్వూరులో పుట్టి అమెరికా ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్ళు పనిచేసిన కె. నరహరిరావు, హంఫ్రీస్, ర్యాంక్‌లతో కలిసి 1966లో పరారుణ తరంగ ప్రమాణాల మీద పుస్తకం ప్రచురించారు. ఆయన చూసింది వాయువుల్ని, ఆర్‌ఎన్‌ఏని కాదు. అయినా 1657 ఎక్కడ ముగుస్తుందో 1672 ఎక్కడ మొదలవుతుందో నమ్మకంగా చెప్పగలగడం వెనక అలాంటివారి ఓపిక ఉంది.

బుడ్డల చేలో వైరస్

ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు వేరుశనగను బుడ్డలంటారు. 2000 ఖరీఫ్‌లో పక్కనున్న అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు తెగులు దాదాపు 2,25,000 హెక్టార్లలో వేరుశనగను దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆకుల మీద మచ్చలు, ఆకు కాడలూ కాండమూ నల్లబడి ఎండిపోవడం, చిన్న మొక్కైతే మొత్తం చావడం లక్షణాలు. అంతకుముందు నుంచీ ఉన్న మొవ్వుకుళ్ళుకు ఇది దగ్గరగా కనిపిస్తుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు కారకం వేరని, అది పొగాకు చార వైరస్ అని తేల్చారు. పత్తికి, పొద్దుతిరుగుడుకు కూడా ఈ వైరస్ వస్తుంది. వయ్యారిభామ మొక్కలో పైకి ఏ లక్షణమూ చూపకుండా ఉండి, దాని పుప్పొడిలో చేరుతుంది. ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకున్న తామర పురుగులు వేరుశనగ ఆకును గీరినప్పుడు పంటకు ఎక్కుతుంది.

ఈ వైరస్ జన్యు సమాచారం మూడు ఆర్‌ఎన్‌ఏ పోగుల్లో ఉంటుంది. చిత్రమేమిటంటే ఆ మూడూ మొక్క కణంలోకి వెళ్ళినా తెగులు మొదలు కాదు. వైరస్ పైతొడుగు ప్రొటీన్ కూడా వెంట ఉండాలి. దీనికి దగ్గరి చుట్టమైన లూసర్న్ మొజాయిక్ వైరస్‌లో ఈ సంగతి 1971లో నెదర్లాండ్స్‌లో బయటపడింది. ఈ రెంటిలో ఒకదాని తొడుగు ప్రొటీన్ రెండోదాని ఆర్‌ఎన్‌ఏను కూడా లేపగలదని 1975లో తెలిసింది. కారణం ఆర్‌ఎన్‌ఏ చివర మడతలో ఉంది. అక్కడ చిన్న జడపిన్నులు, వాటి మధ్య ఒకే నాలుగక్షరాల మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. ప్రొటీన్ వచ్చి పట్టుకుంటే ఆ చివర ఒక రూపం తీసుకుంటుంది, లేకపోతే మరో రూపంలో ఉంటుంది. 2004లో లూసర్న్ వైరస్ ముక్క స్ఫటిక నిర్మాణం వచ్చినప్పుడు, ప్రొటీన్, ఆర్‌ఎన్‌ఏ రెండూ కలిసే మడతపడతాయని, ఆ నాలుగక్షరాల మాటల మధ్య కొత్త జతలు ఏర్పడతాయని కనిపించింది.

పరారుణానికి సరిపోయే ప్రశ్న ఇదే. స్ఫటికం ఆగిపోయిన ఫొటో. ద్రావణంలో ప్రొటీన్ చేరకముందు జతలెన్ని, చేరాక ఎన్ని, ఏ క్షారాలవి, మెగ్నీషియం ఉంటే తేడా ఉందా అన్నది ఒకదాంట్లోంచి మరొకటి తీసేసిన తేడా వర్ణపటం చెప్పగలదు. అడ్డంకి ఒకటుంది. ప్రొటీన్ వెన్నెముక గుర్తు కూడా 1650 దగ్గరే పడుతుంది. దాన్ని పక్కకు జరపాలంటే ప్రొటీన్‌లో మామూలు కర్బనం బదులు బరువైన కర్బనం పెట్టి తయారుచేసుకోవాలి. ఖర్చుతో కూడిన పని.

ఎక్కడ ఆగాలి

తెగులు సోకిన ఆకును నేరుగా యంత్రంలో పెట్టి వైరస్ ఆర్‌ఎన్‌ఏ మడతలు చూడవచ్చా అని అడిగేవాళ్ళుంటారు. కుదరదు. ఆకులో ఆర్‌ఎన్‌ఏ వాటా కొంచెమే. అందులో వైరస్‌ది ఇంకా తక్కువ. మొక్క కణాల గోడల్లోని సెల్యులోజ్ వెయ్యి నుంచి 1160 దాకా ఉన్న భాగాన్నంతా ఆక్రమిస్తుంది. ఆదోని యార్డులో కుప్పపోసిన పత్తిలోని పీచు దాదాపు అంతా ఆ సెల్యులోజే. ఆర్‌ఎన్‌ఏను శుద్ధి చేయకుండా ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. పత్తి ఆకు నుంచి శుద్ధి చేయడం ఇంకా కష్టం, అందులోని గాసిపాల్, ఇతర ఫీనాల్ పదార్థాలు ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని రంగు మార్చేస్తాయి.

పొడవైన ఆర్‌ఎన్‌ఏ ఐతే మరో ఇబ్బంది. వేల క్షారాల శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే గుట్ట అవుతాయి. మొత్తంలో ఎన్ని జతలున్నాయో చెప్పవచ్చు, ఫలానా క్షారం ఫలానాదానితో కట్టిందని చెప్పలేం. దానికి అణు అయస్కాంత అనునాదమో, స్ఫటికమో, శీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినో కావాలి. వ్యాసకర్త అంచనాలో పరారుణాన్ని నిర్మాణం కనిపెట్టే పరికరంగా కన్నా, నిర్మాణం మారిందా లేదా అని తీర్పు చెప్పే పరికరంగా వాడినప్పుడే నమ్మదగిన ఫలితం వస్తుంది. ముప్ఫై నలభై క్షారాల ముక్కను తీసుకుని ఒక్క షరతు మార్చి రెండు వర్ణపటాలు పోల్చే ప్రయోగం, వైరస్ పోగు మొత్తాన్ని ఒక్కసారి చూసే ప్రయోగం కన్నా ఎక్కువ చెబుతుంది.

పొలంలో వైరస్ ఉందో లేదో తేల్చడానికి ఎలైజా, పీసీఆర్ పరీక్షలున్నాయి. ఆ పనికి ఈ పద్ధతి అక్కర్లేదు. వైరస్ సోకిన మొక్కను బాగుచేసే మందు ఇప్పటికీ లేదు. గట్ల మీదా బీడుల్లోనూ వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయడం, చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ సాళ్ళు వేయడం, విత్తనశుద్ధితో తామర పురుగును తొలి వారాల్లో అదుపులో పెట్టడం, రైతు చేతిలో ఉన్నవి ఇవే.